కీచైను దీపిక: టీకా తాత్పర్య సహితము

తాళాల గుత్తికి తగిలించుకునే ఎల్‌ఈడీ బ్యాటరీ లైటు బొటనవేలంత వస్తువు. ధర వంద రూపాయల లోపు. బస్టాండు బయట దువ్వెనలు, ఫోన్ కవర్లు అమ్మే బల్లల మీద దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే చెప్పుల జత పట్టే పెట్టెలో వస్తుంది. లోపల ఉండేవి స్వల్పం: ఐదు మిల్లీమీటర్ల బల్బు ఒకటి, దాని రెండు కాళ్ల మధ్య ఇరికించిన బటన్ సెళ్లు, నొక్కితే ఒక కాలు సెల్లుకు తగిలే ఏర్పాటు. వీటి మీద పుట్టిన వాఙ్మయం మాత్రం స్వల్పం కాదు. అది రెండు శాఖలు. మొదటిది పొట్లం మీద తయారీదారు అచ్చువేసిన మూలం. రెండోది ‘తొలి అభిప్రాయం’ పేరిట, కొన్నవాడు అట్ట చించిన పావుగంటకే వెలువరించే భాష్యం. మూలం ఆరు మాటలు, భాష్యం ఆరు పేజీలు. రెంటికీ ఇంతవరకు టీక లేదు.

టీకకు ఆదర్శం తెలుగునేల మీదే ఉంది. మెదకు సీమలోని కొలిచెలమ వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు సంజీవని రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చుకున్నాడు. పొట్లం రచయిత పెట్టుకున్న నియమం దీనికి సరిగ్గా తలకిందులు: వస్తువులో లేనిదే రాయాలి, కొనేవాడికి అక్కరైనది చెప్పకూడదు. ఈ టీక మల్లినాథుడి దారినే నడవాలని సంకల్పించింది. ఎంత దూరం నడిచిందో చదువరులే చూస్తారు.

మూలము: “అల్ట్రా బ్రైట్. ఏరోస్పేస్ అల్యూమినియం. లక్ష గంటల లైఫ్. వాటర్ రెసిస్టెంట్. మిలిటరీ గ్రేడ్. బ్యాటరీ సహితం.”

‘అల్ట్రా బ్రైట్’ అనగా మిక్కిలి వెలుగు గలది. ఎంత మిక్కిలి? అంకె లేదు. ఉండలేక కాదు. టార్చిలైట్ల వెలుగును కొలిచి చెప్పడానికి అమెరికాలో 2009 నుంచి ఎఫ్‌ఎల్ 1 అనే ప్రమాణం ఉంది. వెలిగించిన 30 సెకన్ల తర్వాత ఎన్ని లూమెన్లు వస్తున్నాయో చూస్తారు. వెలుగు పావు లక్సుకు, అంటే ఇంచుమించు పున్నమి వెన్నెలకు, పడిపోయే దూరాన్ని ఆ లైటు దూరంగా రాస్తారు. ఇవేవీ ఈ పొట్లం మీద లేవు. కనుక వెలుగంటే ఏమిటో, చీకటంటే ఏమిటో శాస్త్రం నుంచే తేల్చుకోవలసి వస్తోంది.

చీకటి ద్రవ్యమా కాదా అన్నది పాత తగాదా. భాట్టమీమాంసకులు ద్రవ్యమే అన్నారు. నల్లగా కనబడుతుంది, దీపం కదిలితే తానూ కదులుతుంది. రంగూ కదలికా ఉన్నది ద్రవ్యం కాక మరేమవుతుంది? కాబట్టి శాస్త్రం లెక్కపెట్టిన తొమ్మిది ద్రవ్యాలకు తోడు చీకటి పదోది. నైయాయికులు, అంటే తర్కశాస్త్రం వారు, ఒప్పుకోలేదు. కాశీకి పోయినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు కాడన్న నానుడికి కారకుడైన ఆ అన్నంభట్టు, తన తర్కసంగ్రహానికి తానే వ్యాఖ్య రాసుకుని దానికి దీపిక అని పేరు పెట్టాడు. దీపం పేరు పెట్టుకున్న గ్రంథం చీకటి సంగతి తేల్చకుండా ఊరుకోదు కదా. ద్రవ్యాల లెక్క రాగానే ఎత్తుకుంది. రంగున్న ద్రవ్యం కంటికి కనబడాలంటే వెలుగు కావాలి. చీకటి కనబడేదే వెలుగు లేనప్పుడు. కనుక అది రంగున్న ద్రవ్యం కాదు, తేజస్సు లేకపోవడం. అయితే అన్నంభట్టు ఉత్త తేజస్సు అని వదిలిపెట్టలేదు, ప్రౌఢంగా ప్రకాశింపజేసే తేజస్సు లేకపోవడం అన్నాడు. ఆ విశేషణం పాదపూరణం కోసం వేసింది కాదు. బంగారం కూడా తేజస్సే అన్నది నైయాయికుల మతం. ప్రౌఢమన్న మాట లేకపోతే, అర్ధరాత్రి గది మూలన ఉంగరమొకటి పడి ఉన్నా ఆ గదిలో చీకటి లేదని ఒప్పుకోవలసి వస్తుంది.

ఇక్కడ కీచైను దీపం ఇరుకున పడుతుంది. దీని వెలుగు ప్రౌఢమా? చీకటి మెట్ల మీద నొక్కితే ఒక మెట్టు కనబడుతుంది, రెండోదాన్ని అనుమాన ప్రమాణానికి వదిలేస్తుంది. ప్రౌఢం కాదంటే, నొక్కినా చీకటి పోలేదని నిర్వచనం ప్రకారమే సిద్ధిస్తుంది. ప్రౌఢమంటే, రెండో మెట్టు దగ్గర కాలు మడతపడ్డవాడు ఒప్పుకోడు.

అసలిది ఏ తేజస్సు అన్నదీ విచారించదగ్గదే. తేజస్సు నాలుగు విధాలు: నిప్పు వంటిది భౌమం, మెరుపు వంటిది దివ్యం, అన్నం అరిగించేది ఉదర్యం, గనిలో పుట్టేది ఆకరజం. కట్టె లేదు, చమురు లేదు గనుక ఎల్‌ఈడీ భౌమం కాదు. కరెంటు మెరుపుకు చుట్టమే కదా అని దివ్యమనబోతే, దివ్యతేజస్సుకు నీరే ఇంధనమన్నారు. ఈ దీపం చూస్తే నీటిని ఎదిరిస్తానని పొట్లం మీదే ప్రతిజ్ఞ పట్టింది. పిల్లలు మింగితే తప్ప ఉదర్యం కాదు, ఆ సంగతి తర్వాత వస్తుంది. మిగిలింది ఆకరజం. చోద్యమేమిటంటే అదే అతికినట్టు సరిపోతుంది. బల్బులో వెలిగే గింజ గాలియం నైట్రైడు జాతిది. గాలియం చాలావరకు బాక్సైటు నుంచి అల్యూమినా తీసేటప్పుడు పక్కన దొరికే లోహం. తేజస్సు వేడిగా తగలాలి కదా, ఈ బల్బు చల్లగా ఉందేమని ఆక్షేపణ. బంగారమూ చల్లగానే ఉంటుంది. అందులో కలిసిన పృథివి వేడిని కప్పేసిందని దానికి చెప్పిన సమాధానమే దీనికీ చెప్పుకోవచ్చు. నైయాయికుడికి సమాధానం దొరకని రోజు లేదు.

రంగు విషయంలో మాత్రం శాస్త్రం తడబడుతుంది. తేజస్సు రంగు భాస్వరశుక్లం, మెరిసే తెలుపు. ఈ దీపపు తెలుపు సొంత తెలుపు కాదు. గింజ ఇచ్చేది నీలం. పైన పూసిన పొడి ఆ నీలంలో కొంత పుచ్చుకుని పసుపుగా తిరిగి ఇస్తుంది. మిగిలిన నీలమూ ఈ పసుపూ కలిసి కంటికి తెలుపనిపిస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు వచ్చిన చాలా ఏళ్లకు గాని గట్టి నీలం చేతికి రాలేదు. దాన్ని సాధించినందుకు అకసాకి, అమానో, నకామురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. అంతటి విద్య ఇప్పుడు ఒక ప్లాస్టిక్ డిప్పలో తాళంచెవుల పక్కన వేలాడుతోంది. చౌకరకంలో పొడి సమంగా పడదు కాబట్టి గోడ మీద నడుమ నీలంగా, అంచున పసుపుగా ఒక మచ్చ పడుతుంది. అన్నంభట్టు చెప్పిన ఏడు రంగుల్లో చివరిదైన చిత్రరూపానికి పాఠశాలల్లో ఇకమీదట దీన్నే చూపించవచ్చు.

ప్రకృతమనుసరిద్దాం.

‘ఏరోస్పేస్ అల్యూమినియం’. 6061 అనే మిశ్రలోహాన్ని విమానాల్లో వాడే మాట నిజమే. సైకిలు ఫ్రేములకూ వాడతారు, కాని ‘సైకిల్ గ్రేడ్’ అని ఏ పొట్లం మీదా రాయరు. అదీ నిజంగా అల్యూమినియం అయినప్పటి మాట. ఈ ధరలో చేతికొచ్చేది తరచుగా వెండిరంగు పూసిన ప్లాస్టిక్కు. ముత్యపుచిప్పను చూసి వెండి అనుకునే శుక్తిరజత భ్రాంతికి వేదాంతులు ఎన్నో పుటలు వెచ్చించారు. ఇక్కడైతే తాళంచెవుల రాపిడికి నెల తిరిగేసరికి రంగు ఊడి, ఇది వెండి కాదన్న బాధజ్ఞానం దానంతటదే కలుగుతుంది.

‘లక్ష గంటల లైఫ్’. ఆపకుండా వెలిగిస్తే 11 సంవత్సరాల 5 నెలలు. ఇది ఎవరి ఆయుష్షు? బల్బుది. అదీ చల్లగా, కొలత తప్పని కరెంటుతో నడిపిన మేలురకం బల్బుది. ఎల్‌ఈడీల వాడుకలో వెలుగు మొదటిదానిలో నూటికి 70 పాళ్లకు పడినప్పుడే ఆయువు తీరినట్టు లెక్క. దీపాన్ని వెలిగించే సెల్లు ఆయుష్షు ఎంతన్నది మూలకర్త దాచాడు. ఎక్కువగా వాడేది సీఆర్ 2016 సెల్లు జత. ఆ పేరు చూడండి: సీ అంటే లిథియం జాతి, ఆర్ అంటే గుండ్రనిది, 20 మిల్లీమీటర్ల వ్యాసం, 1.6 మిల్లీమీటర్ల మందం. రెండక్షరాలు, నాలుగంకెలు. పొట్లం మొత్తంలో సూత్రకారుడనదగ్గవాడు రాసింది ఇదొక్కటే, అదీ లోపలి సెల్లు మీద. దాని సత్తా సుమారు 90 మిల్లీ ఆంపియర్ అవర్లు. రెండు సెళ్లను ఒకదాని మీద ఒకటి పేరిస్తే వోల్టులు 3 నుంచి 6 అవుతాయి గాని ఈ అంకె పెరగదు. బల్బు 20 మిల్లీ ఆంపియర్లు తాగితే నాలుగున్నర గంటలు. అలా లక్ష గంటలు నిండాలంటే 22,000 పైచిలుకు జతలు కావాలి. కొత్త జత ధర ఇంచుమించు లైటు ధరే. అలంకారం అతిశయోక్తి.

‘వాటర్ రెసిస్టెంట్’. చినుకులకు ఆగుతుందా, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంటుందా? మొదటిదానికి ఐపీఎక్స్ 4, రెండోదానికి ఐపీఎక్స్ 7 అని గుర్తులున్నాయి. ఇక్కడ గుర్తు లేదు. చెమటకు ఆగితే అదే పదివేలు.

‘మిలిటరీ గ్రేడ్’. స్పష్టము.

‘బ్యాటరీ సహితం’. ఇందులో అలంకారం లేదు, అబద్ధం లేదు, ఉన్న ప్రమాదమంతా ఇందులోనే ఉంది. మన ఇళ్లలో పసివాడు ఏడిస్తే ముందు చేతికిచ్చేది తాళాల గుత్తే. దానికి ఇప్పుడు గోటితో ఊడివచ్చే మూత, మూత వెనక మెరిసే బిళ్లలు. 20 మిల్లీమీటర్ల లిథియం సెల్లు పసివాళ్ల అన్నవాహికలో సరిగ్గా ఇరుక్కునే కొలత. తడి తగలగానే అక్కడే కరెంటు పారి, క్షారం పుట్టి, రెండు గంటల్లోనే లోపలి పొర కాలిపోవచ్చు. పిల్లల చేతికి సెల్లు మూత సులువుగా తెరుచుకోకూడదని అమెరికా 2022లో చట్టమే చేసింది. ఒక చిన్న స్క్రూ చాలు. ఆ స్క్రూకు పెట్టని ఖర్చు ‘అల్ట్రా’ అన్న మాటకు బంగారు సిరా కోసం పెట్టారు. పోనీ మూత గట్టిగా ఉండాలని కొందరు జిగురుతో అంటించేస్తారు. అప్పుడు సెల్లు మార్చే వీలు లేక, నోబెల్ విద్య ఉన్న బల్బుతో సహా మొత్తం చెత్తబుట్టకు పోతుంది.

ఇక రెండో శాఖ. ‘తొలి అభిప్రాయం’ రాసేవారు నైయాయికుల ప్రత్యక్ష ప్రకరణం చదివినట్టు లేదు. వస్తువు ఇంద్రియానికి తగిలిన మొదటి క్షణంలో కలిగేది నిర్వికల్పక జ్ఞానం: పేరు, జాతి, గుణం ఏదీ విడిగా అంటని చూపు. అది మాటల్లో చెప్పరానిదని, ఉన్నదని ఊహించుకోవలసిందేనని సిద్ధాంతం. చెప్పరానిదాన్ని ఆరు పేజీలు చెప్పడం భాష్యకారుల సాహసం. అట్ట మడత ఎలా ఉంది, రింగు ఎన్ని చుట్లు తిరిగింది, నొక్కినప్పుడు టిక్కుమన్న శబ్దం నిబ్బరంగా ఉందా లేదా అన్నీ రాస్తారు. చీకట్లో తాళం కప్ప కన్నం దొరికిందా అన్నది రాయరు, రాసేటప్పటికి ఇంకా పగలే గనుక.

అసలు దోషం ఇంకా లోతున ఉంది. ఈ లైటులో కరెంటును అదుపుచేసే రెసిస్టరు కూడా ఉండదు. సెల్లు లోపలి నిరోధమే ఆ పని చేస్తుంది. సెల్లు కొత్తగా ఉన్నప్పుడు బల్బు పొంగిపోయి వెలుగుతుంది. అక్కణ్ణుంచి ప్రతి నిమిషమూ దిగుడే. కాసేపు ఆపితే సెల్లు కొంచెం తేరుకుంటుంది, అందువల్ల నొక్కిన ప్రతిసారీ మొదటి క్షణమే మేలు. అంటే ఈ వస్తువు జీవితంలో అతి మంచి పావుగంట ఏదో, భాష్యకారుడు దాన్నే కొలిచి, అదే వస్తువు స్వభావమని అచ్చువేస్తున్నాడు. ప్రమాణాల పుస్తకమూ ఈ విషయంలో పూర్తిగా కాపాడదు: ఎఫ్‌ఎల్ 1 ప్రకారం నడిచే సమయమంటే వెలుగు మొదటిదానిలో పదో వంతుకు పడేదాకా పట్టే సమయం. ఎనిమిది గంటలని రాస్తే, అందులో చివరి గంటలు ఎలా ఉంటాయో వేరే టీక అక్కర్లేదు.

తాత్పర్యము: కీచైను దీపం తాళం కన్నం వెతకడానికి, సీటు కింద పడ్డ చిల్లర ఏరడానికి, కరెంటు పోయినప్పుడు ఫోను ఎక్కడుందో చూడటానికి పనికొస్తుంది. ఆ మూడింటికీ వంద రూపాయలు ఎక్కువ కాదు. స్క్రూ ఉన్నది, సెల్లు మార్చడానికి వీలైనది చూసి కొనాలి. స్క్రూ లేనిదాన్ని పసిపిల్లలున్న ఇంటి తాళాలకు తగిలించకూడదు. తయారీదారులు పొట్లం మీద రెండు సంగతులు అచ్చువేయాలి: ఏ సెల్లు పడుతుందో, కొత్త సెల్లుతో వెలుగు సగానికి పడేదాకా ఎన్ని నిమిషాలో. చోటు చాలకపోతే ‘ఏరోస్పేస్’ తీసేయవచ్చు.