వంగడానికే పుట్టాను

నన్ను ఎవరూ కొట్లో కొనలేదు. భీమునిపట్నంలో ఒక వెల్డింగు షెడ్డులో, పాత ఇనప సామాన్ల నుంచి ఏరి తెచ్చిన ముక్కలతో పుట్టాను. ఇల్లు పడగొట్టినచోట మిగిలిన ఒకటిన్నర అంగుళాల నీళ్ళ పైపు, రెండడుగుల ముక్క, నా ఒళ్ళు. పది మిల్లీమీటర్ల ఇనప చువ్వలు నాలుగు నా వేళ్ళు. చువ్వల్ని పైపులోకి దూర్చి, కింది కొసల్ని విప్పిన గొడుగులా నాలుగు వైపులకీ వంచారు. పైన తాడు కట్టడానికి ఒక రింగు. పైపు ఖాళీలో సిమెంటూ పిక్కరాయీ కలిపి కూరారు. అంతా కలిపి ఆరేడు కిలోలుంటాను. చిన్న ఫైబరు తెప్పకి లంగరుగా చాలు.

వెల్డింగు పెట్టేముందు షెడ్డు కుర్రాడు పైపు మీది జింకు పూతని గీకేశాడు. కాలిన జింకు పొగ పీలిస్తే రాత్రికి జ్వరం వస్తుందని వాడికి తెలుసు. పూత పోయిన చోటే తుప్పు ముందు పడుతుంది కాబట్టి, అతుకుల మీద రెడాక్సైడు రెండుసార్లు పూశాడు. పని తెలిసిన చెయ్యి.

వాడికి ఒక్కటే అనుమానం. "ఏటి మావా, ఇంత మెత్తటి చువ్వ ఎట్టమంటన్నావు? మేడలకేసే టీఎంటీ కడ్డీ ఎడితే గట్టిగుంటాది గదా?"

"గట్టిగుంటే రాళ్ళల్లో ఇరుక్కుని అక్కడే ఉండిపోద్దిరా. ఒంగాల. ఒంగి ఒచ్చీయాల," అన్నాడు మా తండేలు, తెప్ప నడిపే పెద్ద.

నా బతుకంతా ఆ మాటలోనే ఉంది. మా తండేలుది గాలం వేట. చేపలు చేరేది ఇసక మీద కాదు, నీటడుగున రాళ్ళ దిబ్బల దగ్గర. విశాఖ తీరంలో అలాంటి దిబ్బలు చాలా ఉన్నాయి. అక్కడ నా వేలొకటి ఏదో సందులో పడి పట్టుకుంటుంది. ఇసకలో మాత్రం నేను చాళ్ళు గీసుకుంటూ జారిపోతాను, దానికి వెడల్పు రెక్కలున్న లంగరు కావాలి.

లంగరంటే బరువే అనుకుంటారు చాలామంది. పక్క తెప్పకి పెయింటు డబ్బాలో పోసిన కాంక్రీటు దిమ్మ ఉంది. ఒడ్డున పది కిలోలు తూగే ఆ దిమ్మ నీళ్ళలో ఆరు కిలోలు కూడా తూగదు. అదే పది కిలోల ఇనుమైతే ఎనిమిదిన్నర పైనే నిలుస్తుంది. అయినా తెప్పని ఆపేది బరువొక్కటే కాదు, తాడు లాగే తీరు. పైకి లాగితే లేచిపోతాను, అడ్డంగా లాగితే పట్టు బిగిస్తాను. అందుకే పది బారల లోతున్నచోట మా తండేలు యాభై బారల తాడు వదులుతాడు. గాలి లేని పూట ముప్ఫయితో సరిపెడతాడు. తాడుకీ నాకూ మధ్య ఒక బారెడు పాత గొలుసు ఉంది. దాని బరువుకి తాడు కొస నేలబారుగా పడి ఉంటుంది, రాళ్ళ రాపిడికి తెగకుండానూ ఉంటుంది. ఖర్చు తగ్గించాలనుకునేవాళ్ళు ముందు ఆ గొలుసే మానేస్తారు. నాకది బాధ. నా వేళ్ళలో ఒకటి తగ్గించినా ఫరవాలేదు గానీ, గొలుసు తియ్యకూడదు.

ద్వారక దగ్గర సముద్రంలో పరిశోధకులకి దొరికిన రాతి లంగర్లలో మూడు చిల్లులవి ఉన్నాయి. పై చిల్లు తాడుకి, కింది రెండూ నేలని పట్టే కొయ్య మేకులకి. ఆ రాళ్ళు చెక్కినవాళ్ళు కూడా బరువొక్కదాన్నే నమ్ముకోలేదు.

ఒకనాడు వేట మధ్యలో గాలి తిరిగింది. నా రెండు వేళ్ళు బండ కింద బిగుసుకున్నాయి. తండేలు తెప్పని సరిగ్గా నా నెత్తిమీదికి తెచ్చి, తాడు బిర్రుగా లాగి దాని మూతికి కట్టేశాడు. ఇక లాగింది మనుషులు కాదు, అల. తెప్ప లేచినప్పుడల్లా నా వేలు కొద్దికొద్దిగా సాగింది. ఒకటి తిన్నగా అయింది, తర్వాత రెండోది. నేను ఊడి వచ్చాను. టీఎంటీ కడ్డీ అయితే అంత తేలిగ్గా సాగదు. తాడు కోసేసి నన్నక్కడ వదిలేసేవారు, లేదా మూతి దగ్గర ఫైబరు చీలేది. ఒడ్డుకొచ్చాక పైపు ముక్క తొడిగి, ఆ వేళ్ళని మళ్ళీ వంచాడు.

తర్వాత ఆయన కొడుకు ఇంకో ఉపాయం చేశాడు. గొలుసుని నా రింగుకి కాకుండా అడుగున, వేళ్ళ మొదట్లో బిగించి, రింగు దగ్గర మాత్రం సన్నని పురికొసతో కట్టాడు. మామూలు లాగుడుకి పురికొస ఆగుతుంది. ఇరుక్కుంటే తెగుతుంది, అప్పుడు తాడు నన్ను అడుగు వైపు నుంచి లాగి సందులోంచి తప్పిస్తుంది. పెద్దాయనకి మొదట నచ్చలేదు. రాత్రి లంగరేసి పడుకున్నప్పుడు అది తెగితేనో? న్యాయమైన ప్రశ్నే. రాత్రి వేటకి మాత్రం పురికొస తీసేసి రింగుకే గొలుసు వెయ్యాలని ఇద్దరూ ఒప్పందానికొచ్చారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మోటారు తెప్పలన్నీ ఒడ్డునే. ఆ రోజుల్లోనే నన్ను పరీక్షగా చూస్తారు. వంచీ వంచీ మూడో వేలు మొదట్లో వెంట్రుకంత పగులు కనబడింది. కొడుకు మళ్ళీ షెడ్డుకి పట్టుకెళ్ళాడు. పాత చువ్వ కోసేశారు. కొత్త చువ్వ కొసని మోకాలికి అడ్డంపెట్టి నొక్కి, అది వంగాకే తూకం వెయ్యమన్నాడు.