గది ఎక్కడుంది సారూ?

కరోనా రోజుల్లో నాలుగేళ్ల పోరడికి జ్వరం. ముక్కులో పుల్ల పెట్టి పంపారు. రిపోర్టు వచ్చేదాకా గాలి, వెలుతురు ఉన్న ప్రత్యేక గదిలో ఉంచాలట!

కోరుట్లలో ఉన్నదే ఒక్క గది. పగలు అందులో బీడీలు చుట్టాలి, రాత్రి ఇంటిల్లిపాదీ పడుకోవాలి.

సిరిసిల్లలో రెండో గది ఉంది. కాకపోతే అది బట్ట నేసే సాంచాలది. "మరి పోరన్ని సాంచ మీద పండవెట్టాల్నా సారూ?" అని అవ్వ అడిగితే దవాఖాన సారు నిబంధనల కాగితం తిరగేశాడు. అందులో సాంచ ముచ్చట లేదు.

ఐదేళ్లలోపు వాళ్లకు మాస్కు వద్దని 2022 జనవరిలో కేంద్రమే చెప్పింది. ఎత్తుకునే తల్లికి మాత్రం ఉండాల్సిందే. వాడు మొదట పీకేది దాన్నే!

కంచం వేరు, గ్లాసు వేరు, తువ్వాల వేరు. పోరడు మాత్రం సంకలోనే.

ఇక ఆరడుగుల దూరం. బువ్వ ముద్దను గురిచూసి విసరాలి కాబోలు.

రిపోర్టు వచ్చేసరికి పోరడు గల్లీలో టైరు దొర్లిస్తున్నాడు.

2021 మేలో నల్లగొండ జిల్లా కొత్తనందికొండలో పాజిటివ్ వచ్చిన ఓ విద్యార్థి, ఇంట్లో వేరే గది లేక చెట్టెక్కాడు. కొమ్మల మధ్య వెదురు మంచం కట్టుకుని 11 రోజులు ఉన్నాడు. నిబంధనను అక్షరాలా పాటించాలంటే మనలాంటోళ్లకు అప్పట్లో దారి అదొక్కటే.