వంశశుద్ధికి ఉమ్మి పరీక్ష

కాశీనుండి బయలుదేరి, నడుమ ఏ సత్రమునందును కాలుమోపక, నేరుగా ఆదోనికి విచ్చేసిన వంశము తమదని పత్తి మండీలో నిత్యము సెలవిచ్చు పెద్దమనిషి యొకరికి, అమెరికానుండి కుమారుడు డీఎన్‌ఏ పరీక్ష గొట్టమును పంపగా, ఆయన ఉదయపు కాఫీని సైతము వాయిదావేసి, గీతవరకు ఉమ్మి నింపి పంపిరి. వచ్చిన ఫలితములో కాశీ ఊసే లేదు. ఉన్నది ‘దక్షిణ భారతము, శ్రీలంక’! రామకోటి వ్రాయు ఇంట లంక వెలసినందుకు ఇల్లాలికి నవ్వాగలేదు. పైపెచ్చు, ఏ ఇంట పచ్చిమంచినీళ్లు ముట్టమని ఆయన ఒట్టుపెట్టుకొనిరో, ఆ ఎమ్మిగనూరు మగ్గముల ఇంటి కుర్రవాడు (వాడును అమెరికాలోనే యున్నాడట) దూరపు జ్ఞాతిగా తేలినాడు.

మన దేశమున దాదాపు ప్రతి సమూహమును రెండు ప్రాచీన జనముల కలయికయేనని హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, అమెరికా పరిశోధకులతో కూడి, 2009లోనే ప్రకటించిరి. బిజాపురము పక్షమున హబ్షీ (ఆఫ్రికా సంతతివాడు) యైన సిద్ది మసూద్‌ఖాన్ ఏలిన ఆదోని కోట నీడను కాపురముండి, పత్తిలో కల్తీని చేతితో తడిమి చెప్పగల వారికి ఇది తట్టకపోవుట వింత. ఆయన మాత్రము గొట్టము మారిపోయినదని తీర్మానించి, కాశీలోనే పరీక్షించు కంపెనీ కలదేమోనని ఆరా తీయుచున్నారు.