మంచి మేస్త్రి నంబరుందా సార్?

మా కాలనీలో ఎవరినైనా ఆపి, ఇల్లు బాగుచేయించాలి, నమ్మకమైన కాంట్రాక్టరు ఎవరైనా ఉన్నారా అని అడిగి చూడండి. లేరని ఒక్కరూ అనరు. కళ్లజోడు పైకి నెట్టి, ఫోనులో 'మేస్త్రి 2', 'మేస్త్రి కొత్త', 'మేస్త్రి ఎత్తడు' అనే పేర్ల మధ్య కాసేపు వెతికి, నంబరిచ్చి, 'నా పేరు చెప్పండి' అని కూడా అంటారు. ఇంత ఉదారంగా మన జనం ఇంకేదీ పంచుకోగా నేను చూడలేదు.

హైదరాబాదులో 1980లలో, 90లలో కట్టుకున్న ఇండిపెండెంటు ఇళ్లన్నిటికీ ఇప్పుడు ఒకేసారి వయసు మీద పడింది. కట్టినాయన రిటైరయ్యాడు. తాండూరు బండలు పెచ్చులు లేస్తున్నాయి, గోడల్లో జీఐ పైపులు తుప్పు పట్టి పొద్దున్నే ఎర్రనీళ్లు వస్తున్నాయి. కొడుకు డాలస్ నుంచి సంక్రాంతికి పిల్లలతో వస్తాడట, బాత్రూములు మారిస్తేనే. దాంతో ఇరవై లక్షల పని ఒకటి పెట్టుకోక తప్పదు. అమ్మాయికి సంబంధం చూసేటప్పుడు పిల్లవాడి మేనత్త మొగుడి అప్పులదాకా ఆరా తీసే మనం, ఈ ఇరవై లక్షలు ఒకడి చేతిలో పెట్టడానికి మాత్రం 'మా తోడల్లుడింట్లో చేశాడు' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం.

కాంట్రాక్టరు మొదటిసారి ఇంటికొచ్చే రోజు చూసితీరాలి. చెప్పిన టైముకు వస్తాడు. ఆ ఇంటికి సంబంధించినంతవరకు అదే మొదలు, అదే చివర. చెప్పులు గేటు దగ్గరే విడుస్తాడు, మంచినీళ్లిస్తే వద్దంటాడు. గోడను వేళ్ల కణుపులతో రెండుసార్లు కొట్టి, తల అడ్డంగా ఊపి, "ఎవడు కట్టిండు సార్ దీన్ని?" అంటాడు. జవాబు చెప్పకండి. కట్టించింది మీ నాన్నగారే కావచ్చు, దగ్గరుండి ఇటుకలు లెక్కపెట్టి ఉండొచ్చు. వెనకటి మేస్త్రి ఒట్టి దద్దమ్మ అన్న పునాది మీదే ఎవరి ఎస్టిమేటైనా లేస్తుంది. పదేళ్ల తర్వాత ఇంకొకడు వచ్చి ఈయన పని చూసి ఇదే మాటంటాడు. అప్పటికది నిజమై ఉంటుంది.

మేడమ్‌కు ఓపెన్ కిచెన్ కావాలి. వంటింటికీ హాలుకూ మధ్య ఉన్న తొమ్మిదించుల గోడ పోవాలి. అప్పట్లో కట్టిన చాలా ఇళ్లకు పిల్లర్లుండవు, స్లాబు బరువంతా గోడలే మోస్తాయి. ఏ గోడ తీయొచ్చో, తీస్తే పైన ఎంత బీము వేయాలో స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్కకట్టి చెప్పాలి. ఆయన ఫీజు వినగానే ఇంటాయన 'పడగొట్టడానిక్కూడా ఇంజినీరా!' అని నవ్వేస్తాడు. మేస్త్రి ఆ పనే ఉచితంగా చేసిపెడతాడు. మళ్లీ కణుపులు, ఈసారి మూడుసార్లు. "దీని మీద ఏం లోడ్ లేదు సార్." సరిగ్గా దాని పైనే వెయ్యి లీటర్ల ట్యాంకుందని గుర్తుచేస్తే, "అది పక్కకు జరుపుదాం" అంటాడు. తొమ్మిదించుల గోడకు మూడు దెబ్బల్లో తీర్పు వచ్చేసింది.

మూడు కొటేషన్లు తీసుకోమని చదువుకున్నవాళ్లు చెబుతారు. తీసుకుంటాం కూడా. ఒకడు చదరపు అడుగుకింత అంటాడు, ఒకడు మొత్తం గుత్తగా ఇంత అంటాడు, మూడోవాడు లేబర్ నాది, మెటీరియల్ మీది అంటాడు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూసి మనం చేసే పని ఒక్కటే, అన్నిటికంటే చిన్న అంకె కింద టిక్కు కొట్టడం. ఎక్కువ చెప్పినాయన కాగితంలో వాటర్‌ప్రూఫింగు, పాత టైల్సు చిప్పింగు, మట్టి ఎత్తే ట్రాక్టరు, ఏసీ లైనుకు 4 స్క్వేర్ ఎంఎం వైరు అన్నీ విడివిడిగా రాశాడు. దోచుకునే రకమని ఆయన్ని పంపించేస్తాం. తక్కువ చెప్పినాయన ఇవేవీ రాయలేదు. రాయనివన్నీ నెల తిరక్కుండానే ఎక్స్‌ట్రాలై తిరిగొస్తాయి. మట్టి ఎవరు ఎత్తాలన్న పేచీ తేలేదాకా కుప్ప గేటు ముందే ఉంటుంది. నిర్మాణ వ్యర్థాల కోసం జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ప్లాంట్లే ఉన్నాయి. మన కుప్ప మాత్రం ఒక రాత్రి రెండు వీధుల అవతలి ఖాళీ ప్లాటుకు చేరుతుంది.

ఇక కాగితం సంగతి. రాసుకుందామా అనగానే కాంట్రాక్టరు మొహం చిన్నబోతుంది. "నా మీద నమ్మకం లేదా సార్?" అంటాడు. పై పోర్షను ఎనిమిదివేల అద్దెకు స్టాంపు కాగితం మీద పదకొండు నెలల అగ్రిమెంటు రాయించుకున్న ఇంటాయనే ఆ మాటకు సిగ్గుపడిపోయి, టైల్స్ షాపు కాగితం వెనక నాలుగంకెలు వేసి, కింద రెండు గీతలు కొట్టి 'సరే, కానీ' అంటాడు. ఆ ముక్క కూడా మేస్త్రి జేబులోకే పోతుంది. బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ అదనం. పన్ను నిజంగానే అంత, ఆ మాటలో అబద్ధం లేదు. అందుకని ఇద్దరూ సంతోషంగా క్యాష్‌కు దిగిపోతారు. పన్నులంటే గుర్తొచ్చింది, 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. మా వీధిలో ఎస్టిమేట్లకు ఆ కబురింకా అందలేదు.

గోడ చెమ్మెక్కాక చట్టం గుర్తొస్తుంది. ముందు రెరా అంటాడు ఇంటాయన. 2016 నాటి ఆ చట్టం బిల్డరు అమ్మిన ఇంట్లో లోపాలు బయటపడితే ఐదేళ్లదాకా ఆయనదే పూచీ అంది. అమ్మకం ఊసులేని మరమ్మతులకు మాత్రం రిజిస్ట్రేషనే అక్కర్లేదని అందులోనే రాసుంది. సరే, వినియోగదారుల కమిషన్. 2019 చట్టం సేవల జాబితాలో ఇళ్ల నిర్మాణం ఉంది. రెండేళ్లలోపు వెళ్లాలి, చెల్లించింది ఐదు లక్షలు దాటకపోతే ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. వాళ్లు అడిగేది ఒప్పందం, బిల్లు. ఒకటి మొహమాటానికి పోయింది, ఇంకొకటి 18 శాతానికి పోయింది.

ఒకడి పనితనం తెలుసుకోవాలంటే వాడు చేసిన హాలు చూడకండి. హాల్లో ఎవడైనా మెరిపిస్తాడు. బాత్రూములోకి వెళ్లి ఐదు రూపాయల బిళ్లతో టైల్సు మీద తట్టుకుంటూ పొండి, కింద మాలు నిండనిచోట డొల్లగా మోగుతుంది. మా పక్కవీధి హెడ్మాస్టారు బిళ్లదాకా పోలేదు, కొత్త బాత్రూములో ఒక బకెట్టు నీళ్లు కుమ్మరించారు. నీళ్లు కాసేపు నిలబడి ఆలోచించుకుని, జాలీని వదిలేసి, గుమ్మం వైపు నడిచి, గడప దాటి మంచం కిందికి వెళ్లాయి. అసలు టైల్సు వేయకముందే జాలీ మూసేసి, ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి, కింద ఎక్కడైనా చెమ్మ దిగుతోందేమో చూడాలి. వాలు కూడా అప్పుడే చూసుకోవాలి. ఆ రోజు మేస్త్రి ఇంకో సైటులో ఉన్నాడు. ఎట్టకేలకు దొరికించుకుని పిలిపిస్తే, వచ్చి గొంతుక్కూర్చుని, నీటి దారిని చాలా శ్రద్ధగా చూశాడు.

"ఈశాన్యం దిక్కు పోతున్నయ్ సార్. మంచిదే."

మాస్టారి భార్యకు వాస్తు పట్టింపుంది. ఆవిడ అప్పుడే సగం చల్లబడింది.

న్యాయంగా మాట్లాడుకుంటే వీళ్లలో దొంగలు తక్కువ. ఒక్కొక్కడి చేతిలో నాలుగైదు సైట్లుంటాయి. మనమిచ్చిన అడ్వాన్సుతో వెనకటి ఇంటి కూలీలకు శనివారం బట్వాడా అవుతుంది, రాబోయే ఇంటి అడ్వాన్సుతో మనకు సిమెంటు వస్తుంది. ఎక్కడో ఒక పార్టీ డబ్బు ఆపితే నాలుగిళ్లలో తాపీలు ఆగుతాయి. టైల్సు కుర్రాళ్లు ఛఠ్ పూజకని బిహార్ రైలెక్కితే తిరిగొచ్చేదాకా అంతే. ఇంటాయన మాత్రం తక్కువ తిన్నాడా? డాలస్ కొడుకు రాత్రి వీడియో కాల్‌లో వంటిల్లు చూసి, గట్టు మీద గ్రానైటు అతికించిన మర్నాడు, 'నాన్నా, తెలుపు బావుంటుంది' అంటాడు. పగలగొట్టిన కూలి ఎవరివ్వాలి? మేస్త్రే భరించాలని ఇంటాయన వాదన. నన్నడిగితే సగం ఎక్స్‌ట్రాలు డాలస్‌లోనే పుడతాయి.

ఇంత జరిగాక కూడా హెడ్మాస్టారు అడిగినవాళ్లందరికీ ఆ మేస్త్రి నంబరే ఇస్తున్నారు. మోసపోయామని చెప్పుకోలేక అలా అంటారని కొందరి అభిప్రాయం. మాస్టారు లెక్కల మాస్టారు, ఆయన లెక్క వేరు. బాత్రూము తలుపు ఇంకా బిగించలేదు, వాలు సరిచేయలేదు, డబ్బు మాత్రం ముందే వెళ్లిపోయింది. ఒక్క తలుపు కోసం మేస్త్రి ఉప్పల్ నుంచి రాడు. అదే వీధిలో ఇంకో ఇల్లు తగిలితే రోజూ వస్తాడు, వస్తే గేటు దగ్గర కాపు కాసి పట్టుకోవచ్చు. అందుకే 'చాలా మంచివాడండీ, పనంటే ప్రాణం' అని మాస్టారి సిఫార్సు. ఆయనకు ఈ నంబరిచ్చిన తోడల్లుడింట్లో అప్పటికి మేడమెట్ల రెయిలింగు పెండింగులో ఉందని ఈ మధ్యే బయటపడింది.

అందుకని తెలివైనవాళ్లు ఇంటివాళ్లనడగడం మానేసి హార్డ్‌వేర్ షాపుకు వెళ్తున్నారు. కాంట్రాక్టరు ఎలాంటివాడో సిమెంటు అరువిచ్చేవాడికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? మా వీధిలో పాత ఇల్లు కొన్న సాఫ్ట్‌వేరు అబ్బాయి అలాగే మెయిన్‌రోడ్డు సేటు దగ్గరికెళ్లి, మాస్టారి మేస్త్రి పేరు చెప్పి, మనిషెలాంటివాడని అడిగాడు. సేటు కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. ఖాతా పుస్తకం తీసి, మేస్త్రి పేజీ మీద వేలుపెట్టి, పైనుంచి కిందిదాకా వచ్చి, పేజీ తిప్పి అక్కడ కూడా కిందిదాకా వచ్చి, పుస్తకం మూశాడు.

"కళ్లు మూసుకుని ఇచ్చేయండి సార్, అతనికి పనుండాలి. అడ్వాన్సు ఎప్పుడిస్తున్నారు? మళ్లీ మీరెక్కడ తిరుగుతారు, ఇక్కడిచ్చేసి పొండి, నేను ముట్టజెప్తా."