టపాలో తేమ శాతం

ఒకప్పుడు పొద్దున లేస్తూనే దేవుడి పటం చూసేవాడిని. ఇప్పుడు బ్లాగు లెక్క చూస్తున్నాను. ఆ మధ్య ఒకరోజు 38, మర్నాడు 41. పెరుగుతున్నట్టే కదా! ఆదోని పత్తి మండీలో ముప్పై ఏళ్లు గుమాస్తాగిరి చేసినవాడిని. అంకె కొంచెం పైకి జరిగితే చాలు, ఆ రోజు నాకు ఉగ్గాని ఇంకో ప్లేటు దిగుతుంది.

రిటైరైన తెలుగువాడికి రెండే దారులు. గుడి కమిటీలో చేరడం, రచయిత కావడం. గుడి కమిటీలో పోటీ ఎక్కువ. రచయిత కావడానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు, అందుకని బ్లాగు పెట్టాను. దానికి పేరు వెతకడానికి పదకొండు రోజులు పట్టింది, రంగులు మార్చడానికి నెల, "నా గురించి" అనే పేజీ నింపడానికి రెండు నెలలు. మొదటి టపా మాత్రం పావుగంటలో అయిపోయింది: "మిత్రులారా, ఇకపై తరచూ కలుద్దాం." రెండో టపా ఎనిమిది నెలల తర్వాత వచ్చింది: "పని ఒత్తిడి వల్ల రాయలేకపోయాను, మన్నించండి." రిటైరైన మనిషికి పని ఒత్తిడేమిటని ఎవరూ అడగలేదు. అడగాలంటే ముందు ఎవరో ఒకరు చదవాలి.

అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున లెక్క ఒక్కసారిగా లేచింది. రష్యా నుంచి 212 మంది! తెల్లారేసరికి ఉగ్గాని హోటల్లో ఉన్నాను.

"రష్యావోళ్లకు మన తెలుగు యాడొచ్చిందప్పా?" అన్నాడు బజ్జీలు వేసే ఆయన, జల్లిగరిటె నూనెలోంచి తీయకుండానే.

"మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు మన ఊళ్లో ఎంతమంది చదవలేదు? ఇప్పుడు వాళ్ల వంతు" అని దబాయించాను. వారం రోజులు నేను అంతర్జాతీయ రచయితను. బజ్జీ కూడా ఒకటి ఎక్కువే పడింది.

నెలాఖరుకు బెంగళూరు నుంచి మేనల్లుడు వచ్చి ఆ బజ్జీ లాగేశాడు. "మామా, వాళ్లు మనుషులు కాదు, స్పామ్. నీ లెక్కల పేజీలో వాళ్ల లంకె కనబడాలని మిషన్లతో తట్టి పోతుంటారు. ఎవరబ్బా అని నువ్వు దాన్ని నొక్కితే వాళ్ల పని అయిపోయినట్టే." నేను నొక్కాను. పాఠకుల కోసం నేను వల పన్నితే, వాళ్ల వలలో పాఠకుడిగా నేనే చిక్కానన్నమాట.

వాడు ఊరికే పోలేదు, వైద్యం కూడా చేసిపోయాడు. "నీ శీర్షికలు బాగాలేవు మామా. 'ఆదోని కోట – ఒక పరిశీలన' అంటే ఎవడు నొక్కుతాడు? 'ఆదోని కోటలో అర్ధరాత్రి ఏం జరిగిందో తెలిస్తే వణికిపోతారు' అని పెట్టు."

"ఏం జరిగిందిరా?"

"ఏమీ జరగలేదు. ఆ ముక్క చివర్లో చెప్దాం."

ఇంకా చెప్పాడు. మూడొందల మాటలు సరిపోవు, పదిహేను వందలకు లాగాలట. పేరాకోసారి ఆదోని, ఆదోని అని జపించాలట, అప్పుడే గూగుల్ ప్రసన్నమవుతుందట. 2018లో తెలుగు పేజీలకు కూడా గూగుల్ ప్రకటనలు మొదలైనాయి కాబట్టి, జనం పెరిగితే డబ్బులు కూడా వస్తాయట. చివరిగా, లంకెను బంధువుల వాట్సాప్ గ్రూపులన్నింట్లో వేయాలట. వేశాను. పద్నాలుగు దండాలు, ఆరు పూలగుత్తులు వచ్చాయి. లంకెతోపాటు నా ఫోటో కూడా పెద్దగా పడింది కాబట్టి, దూరపు చుట్టాలు ఇద్దరు "ఓం శాంతి" అని కూడా పెట్టారు. లోపలికి వచ్చి చదివినవాళ్లు మాత్రం లేరు.

ఆ రాత్రి నా పదిహేను వందల మాటల టపాను నేనే ఇంకోసారి చదువుకుంటుంటే మార్కెట్ యార్డు గుర్తొచ్చింది.

యార్డులో పత్తి రాశి ముందుకు కొనేవాడు వస్తాడు. పైన తెల్లగా మెరిసే పొర వంక చూడనైనా చూడడు. చెయ్యి మోచేతి దాకా రాశి కడుపులోకి దోపి ఒక పిడికెడు లాగుతాడు. దూదిని రెండు బొటనవేళ్ల మధ్య సాగదీసి పింజ పొడవు చూస్తాడు. ఒక గింజ ఒలిచి పంటి కింద పెడతాడు. టప్‌మంటే ఆరిన సరుకు, మెత్తగా నలిగితే తడి సరుకు. బరువు కోసం రాత్రికి రాత్రి నీళ్లు చల్లిన పత్తి అక్కడే దొరికిపోతుంది. తేమ 8 శాతం దాటితే ప్రభుత్వం తరఫున పత్తి కొనే సీసీఐ వాళ్లు ధర కోస్తారు, 12 దాటితే కొననే కొనరు. పత్తిని జిన్నింగ్ మిల్లులో పోస్తే వచ్చే దూది మూడో వంతే, మిగిలిందాంట్లో ఎక్కువ భాగం గింజే.

నా టపాను కూడా జిన్నింగ్‌లో పోసి చూశాను. దూది రెండు వాక్యాలు వచ్చింది. పత్తి గింజయితే నూనెకైనా పనికొస్తుంది, పశువులకు చెక్కయినా అవుతుంది. నా టపాలో మిగిలిన పద్నాలుగు వందల డెబ్బై మాటలను ఏ గానుగలో వేయాలి? ముప్పై ఏళ్లు ఎదుటివాడి పత్తిలో తేమ పట్టిన ముక్కుకు, సొంత సరుకు దగ్గరికి వచ్చేసరికి జలుబు చేసిందన్నమాట.

ఈ మాట ఫోన్లో చెబితే మేనల్లుడు నవ్వాడు. "అవన్నీ ఎందుకు మామా, ఒక్కటి వైరలైతే చాలు!"

ఆ జబ్బు మా సీమకు కొత్త కాదు. తొలకరి వాన పడిందంటే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వంగి నడుస్తుంటారు, వజ్రాలు ఏరుకోవడానికి. ఎక్కడెక్కడి నుంచో వస్తారు, సద్దిమూటలు కట్టుకొని, చెట్ల కింద పడుకొని. ఏటా ఎవరికో ఒకరికి దొరుకుతుంది, పేపర్లో పడుతుంది. దొరకనివాళ్ల పేర్లు వేయాలంటే ఏ పేపరూ చాలదు. చేను రైతు మాత్రం గట్టు మీద నిలబడి మొత్తుకుంటుంటాడు: "వజ్రం దొరికితే నీది, తొక్కిన ఇత్తనం నాది గదప్పా!" వైరల్ కోసం వంగి నడిచే బ్లాగరు తొక్కేది కూడా విత్తనాన్నే. కాకపోతే ఆ చేను తనదే.

ఆ జొన్నగిరి పక్కనే ఎర్రగుడి. మా ప్రాంతపు మొదటి బ్లాగు అక్కడ బండల మీద ఉంది. రాయించినవాడు అశోకుడు, క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం, వ్యాఖ్యలకు చోటు లేదు. అక్కడి చిన్న శాసనంలో చెక్కినవాడు కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు కొట్టిపారేశాడు. చదివేవాడి కష్టం రాసేవాడికి పట్టకపోవడం మా వైపు రెండు వేల రెండొందల ఏళ్లు దాటిన సంప్రదాయమని దీన్నిబట్టి తెలుస్తోంది. అయితే అశోకుడు నాలాగా బండ పక్కన కూర్చొని వచ్చిపోయేవాళ్లను లెక్కపెట్టలేదు. భేరి మోగించి పల్లె జనానికి వినిపించమని అధికారులకు పురమాయించాడు. ఏనుగులు నడిపేవాళ్లకు, రాయసగాళ్లకు, చదువు చెప్పేవాళ్లకు కూడా ఆ పని పంచాడు. చెప్పిందే చెప్పిన చోట్లు ఉన్నాయని, రాతగాడి తప్పులు కూడా ఉండొచ్చని పద్నాలుగో శాసనంలో ఒప్పుకున్నాడు. చక్రవర్తి రాతకే చాటింపు కావాల్సి వచ్చింది. ఇక నేనెంత?

చాటింపు ఎవరు వేస్తారో తెలుసుకుందామని ఎమ్మిగనూరులో మా వియ్యంకుడి దగ్గరికి పోయాను. ఆయన మగ్గం నేస్తాడు, బ్లాగు కూడా రాస్తాడు. నేను పోయేసరికి గుంతలో కాళ్లు పెట్టి కూర్చొని తువ్వాలు నేస్తున్నాడు. కుడిచేత్తో తాడు లాగితే నాడె అటు, ఇంకోసారి లాగితే ఇటు. ఎడమచేత్తో పలక దెబ్బ. మధ్యలో ఒక పోగు తెగింది. మగ్గం ఆపాడు, రెండు కొసలూ వేళ్లతో మెలిపెట్టి అతికాడు, మళ్లీ మొదలుపెట్టాడు. "పని ఒత్తిడి వల్ల నేయలేకపోయాను, మన్నించండి" అని తువ్వాలు మీద రాయలేదు.

నా బాధంతా విని ఆయన అన్నాడు: "బావా, మగ్గం ముందు కూసున్నోడు గుడ్డ నేస్తాడు. అదే మనిషి మూట నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగితే నేసేదెప్పుడు? అందుకే గదా సోమప్పగారు 1938లో సొసైటీ పెట్టింది. నూలు అది ఇస్తాండె, గుడ్డ అదే అమ్ముతాండె."

పద్మశ్రీ అందుకున్న మాచాని సోమప్ప పెట్టిన ఆ చేనేత సహకార సంఘం సంగతి ఇక్కడ అందరికీ తెలిసిందే. బ్లాగులకు కూడా అట్లాంటి సొసైటీ ఒకటి ఉండేదని ఆయన చెబితేనే నాకు తెలిసింది. ఒకప్పుడు కంప్యూటర్లో తెలుగు తెరిస్తే డబ్బాలు, పెట్టెలు కనబడేవి. పత్రికకో ఫాంటు దించుకుంటే గాని అక్షరం పలికేది కాదు. యూనికోడ్ వచ్చి ఆ గోడు తీర్చింది. 2006లో వీవెన్ అనే ఆయన "లేఖిని" చేసి పెట్టాక, ఇంగ్లీషు అక్షరాలు కొట్టినా తెలుగు పడింది. ఆయనే పెట్టిన "కూడలి"లో ఏ బ్లాగులో కొత్త టపా పడినా ఒకేచోట కనబడేది. తర్వాత అట్లాంటివే జల్లెడ, హారం, మాలిక వచ్చాయి. రాసినవాళ్లంతా అక్కడే చేరి ఒకరిది ఒకరు చదువుకున్నారు, మెచ్చుకున్నారు, తిట్టుకున్నారు. ముసుగేసుకొని "అజ్ఞాత"గా వచ్చి పుల్లలు పెట్టినవాళ్లకు కూడా కొదవ లేదు. హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, తెలుగులో టైపు చేయడం ఎట్లాగో దారినపోయేవాళ్లను పిలిచి చూపించారు. తర్వాత ఫేస్‌బుక్ వచ్చింది. బ్లాగుల కొత్త టపాలు ఒకేచోట చదివించే గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడింది. కూడలికి వచ్చే కాళ్లు కూడా తగ్గిపోయాయి.

"అయితే ఇప్పుడేం చేయాల బావా?" అన్నాను.

"సొసైటీ అంటే బిల్డింగు కాదు గదా బావా, సభ్యులు. నేను వారానికి నలుగురివి చదువుతా, రెండు ముక్కలు రాసొస్తా. వాళ్లలో ఇద్దరు నా కాడికొస్తారు. నువ్వు పోయిన నెల ఎన్ని బ్లాగులు చదివినావు?"

గోడ మీది క్యాలెండరు చూశాను. జవాబు అందులో లేదు.

"నీదొక్కటే చదివినావా?" అని నవ్వి నా ఫోన్ తీసుకున్నాడు. "అందుకే ఈ 41. నువ్వు తెరిచినప్పుడల్లా నిన్ను కూడా లెక్కపెడతాంది. సొంత రాకపోకలు లెక్కించొద్దని చెప్పేదానికి ఇక్కడొక గడి ఉంది. ఒత్తేద్దునా?"

వియ్యంకుడి ముందు వద్దనలేక తల ఊపాను.

లేచేముందు ఇంకో మాట అడిగాను. ఆయన టపాలు నూట ఇరవై మాటలు దాటవు. కండె చుట్టడం ఒక వారం, పడుగుకు గంజి పెట్టడం ఇంకో వారం. కానీ ప్రతి గురువారం పడాల్సిందే. గురువారమే ఎందుకు? "మంత్రాలయం పోయేవోళ్లు గురువారం చూసుకొని పోతారు గదా. రాఘవేంద్రస్వామికే ఒక వారముంది, మన బ్లాగుకు ఉండొద్దా?"

మర్నాడు పొద్దున లెక్క చూశాను. 3.

ఉగ్గాని మామూలు ప్లేటే తిన్నాను. ఆ ముగ్గురిలో ఒకరు వియ్యంకుడు, ఒకరు మేనల్లుడు. మూడోవారు ఎవరో తెలియలేదు. ఆ గురువారం కోటను, అర్ధరాత్రిని పక్కన పెట్టి, యార్డులో గింజ కొరికి తేమ ఎట్లా చూస్తారో నాలుగు ముక్కలు రాశాను. సాయంత్రానికి నా బ్లాగులో మొట్టమొదటి వ్యాఖ్య పడింది. "మా నాయన కూడా ఇట్లనే గింజ కొరికి చూస్తాండె." కింద పేరు: అజ్ఞాత.

అప్పటినుంచి ఆ ముగ్గురికీ ప్రతి గురువారం ఒక టపా బాకీ పడుతున్నాను, వారానికి నలుగురివి చదివి రెండు ముక్కలు రాసొస్తున్నాను. ఈ వారం సరుకు కూడా ఎండబెట్టే ఉంది. వచ్చినవాళ్లు పై పొర చూసి పోకండి, చెయ్యి మోచేతి దాకా పెట్టి చూడండి. తడి తగిలితే ధర కోసేయండి.