ఢిల్లీ నంబరు బండి

ఆర్సీలో, ఇన్సూరెన్సు కాగితంలో, ట్రాఫిక్ చలానాల్లో అంతా 'వాహనం' అనే రాశారు. ఆ అలవాటు కొద్దీ ఈ బండి తన కథ తాను చెప్పుకునేటప్పుడు కూడా 'నేను' అనదు, 'ఈ బండి' అంటుంది. తనను చేసిన కంపెనీ పేరు కూడా చెప్పదు. పుట్టింటి పరువు కాపాడదామని కాదు. జరిగినదాంట్లో పుట్టింటి తప్పెంతో, మెట్టిన ఇళ్ల తప్పెంతో గుంటూరు ఆటోనగర్‌లో ఇంజన్ దించేదాకా ఎవరికీ తెలియలేదు. తెలిశాక, పేరు చెప్పడం అన్యాయమనిపించింది.

పుట్టింది 2013లో. 2.2 లీటర్ల డీజిల్ ఇంజన్, నాలుగు సిలిండర్లు, టర్బో, ఏడు సీట్లు. అప్పట్లో డీజిల్ బండి కొనడం తెలివైన పని కింద లెక్క. పెట్రోలు ధర మీద సర్కారు అదుపు 2010లోనే పోయింది, డీజిల్ మీద 2014 అక్టోబరు దాకా సాగింది. ఆ మధ్యకాలంలో రెండింటికీ లీటరుకు ఇరవై, ముప్ఫై రూపాయల తేడా ఉన్న రోజులున్నాయి. దాంతో కూరగాయల మార్కెట్టు దాకా వెళ్లి వచ్చేవాళ్లు కూడా పెద్ద డీజిల్ ఎస్‌యూవీలే కొన్నారు. డీజిల్ ఇంజన్‌కు కావలసింది దూర ప్రయాణం, ఒళ్లు బాగా కాగేంత పరుగు. ఈ బండికి దొరికింది ఢిల్లీ ట్రాఫిక్.

మొదటి యజమాని ఆఫీసు దూరం తక్కువ, పట్టే సమయం ఎక్కువ. జూన్ ఎండలో ఏసీ వేసుకుని, ఇంజన్ ఆపకుండా రింగ్ రోడ్డు మీద నిలబడడమే సగం ఉద్యోగం. చక్రం తిరగదు కాబట్టి మీటరూ తిరగదు. లోపల పిస్టన్లు మాత్రం ఆడుతూనే ఉంటాయి, మసి పుడుతూనే ఉంటుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి ఈజీఆర్ అనే వాల్వు బయటికి పోవలసిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకే పంపుతుంది. ఊరి గాలికి అది మంచిదే. ఆ మసిలో కొంత ఆయిల్‌లో చేరడం ఇంజన్‌కు మంచిది కాదు. అందుకే కంపెనీ పుస్తకంలో పదివేల కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు ఆయిల్ మార్చమని రాశారు. ఆగుతూ సాగుతూ నడిచే బండికి ఇంకా ముందే మార్చమని చిన్న అక్షరాల్లో చేర్చారు. చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు?

వారంటీ ఉన్నన్నాళ్లూ సర్వీసు సజావుగా జరిగింది. ఆ తర్వాత డ్రైవరుకు తెలిసిన షెడ్డు. అక్కడ నిజంగా ఆయిల్ మారిందో, బిల్లు మాత్రమే వచ్చిందో ఈ బండికి తెలుసు. యజమానికి తెలియదు.

ఇంతలో చట్టం వచ్చి మీద పడింది. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు ఢిల్లీలో, దాని చుట్టుపక్కల ప్రాంతంలో తిరగకూడదని 2015 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు 2000 సీసీ, ఆపైన ఉన్న కొత్త డీజిల్ బళ్ల రిజిస్ట్రేషన్నే అక్కడ కొన్ని నెలలు ఆపేసింది. 2018 అక్టోబరులో పదేళ్ల నిషేధాన్ని ఖాయం చేసింది. పదేళ్లు నిండితే పాత ఇనుము ధరే గనక ఎనిమిదో ఏడు రాకముందే అమ్ముకునేవాళ్లు ఎక్కువయ్యారు. ధరలు పడిపోయాయి. ఆ బళ్లన్నీ ఎన్‌వోసీ పుచ్చుకుని ఇతర రాష్ట్రాలకు, హైదరాబాద్‌కు, మన కోస్తా ఊళ్లకు దిగాయి. ఇక్కడ రిజిస్ట్రేషను మార్పించి లైఫ్ ట్యాక్స్ కట్టినా కొనేవాడికి లెక్క కలిసొస్తుంది. ఢిల్లీ బండికి ఉప్పుగాలి తగలదు, కింద తుప్పు ఉండదు అని బ్రోకర్లు చెప్పే మాటా నిజమే. రేకు సంగతి వాళ్లు నిజమే చెబుతారు.

ఈ బండి 2021లో చేతులు మారింది. కొన్న ఢిల్లీ వ్యాపారి మొదట ఇంజన్ కడిగించాడు. ఆయిల్ కారిన మరకలు పోయాయి. తర్వాత డ్యాష్‌బోర్డు కింద ఒక చిన్న యంత్రం తగిలించి, లక్షా అరవై వేల చిల్లర ఉన్న మీటరును డెబ్బై ఎనిమిది వేలకు దించాడు. టీ చల్లారేలోగా అయిపోయింది. నిజానికి చాలా బళ్లలో ఆ అంకె ఒక్క మీటరులోనే ఉండదు. ఇంకో కంట్రోల్ యూనిట్‌లోనో, షోరూము సర్వీసు రికార్డులోనో దాని జాడ మిగులుతుంది, వెతికితే దొరుకుతుంది. అరిగిన బ్రేకు పెడల్ రబ్బరు, నున్నబడ్డ స్టీరింగు తోలు కూడా గుట్టు విప్పుతాయి. ఆ రెండూ కొత్తవి వేశాడు, తెలివైనవాడు. చివరగా సంప్‌లో చిక్కటి ఆయిల్ పోశాడు. అరిగిన బేరింగుల చప్పుడును అది కొన్నాళ్లు మింగేస్తుంది.

అలా ముస్తాబై హైదరాబాద్ బ్రోకరు దగ్గరికి చేరిన ఈ బండిని కొన్నాయన గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. బండి చూడడానికి హైదరాబాద్ వెళ్తూ తనకు నమ్మకమైన డ్రైవరును వెంటబెట్టుకెళ్లాడు. డ్రైవరు డోర్లు వేసి చప్పుడు విన్నాడు, బానెట్ కింద వెల్డింగు మచ్చలు వెతికాడు, యాక్సిడెంటు బండి కాదని తేల్చాడు. అదీ నిజమే. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూస్తే బ్యాక్ కంప్రెషన్ సంగతి తెలిసేది. పిస్టన్ రింగులు అరిగితే మండిన వాయువులు కిందికి జారి, ఆ మూత దగ్గర బుసబుసా పొగై వస్తాయి. రాత్రంతా ఆపి ఉంచిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేయించి ఉంటే కిందినుంచి టకటక వినిపించేది. వీళ్లు వచ్చే వేళకు బ్రోకరు ఇంజన్ వేడి చేసి పెట్టాడు.

“ఎండకి మీకు ఇబ్బంది కాకూడదని ముందే ఏసీ వేసి ఉంచానండీ,” అన్నాడు.

ఆ మర్యాదకే బేరం సగం కుదిరింది. పేరు మారింది, డీఎల్ నంబరు ఏపీ అయింది. యజమాని పేరు బదిలీకి ఫారాలున్నాయి, ఎన్‌వోసీకి ఫారం ఉంది, బ్యాంకు అప్పు తీరిందని చెప్పడానికి కూడా ఫారం ఉంది. ఇంజన్‌లో ఆయిల్ ఎన్నాళ్లకోసారి, ఏ రకం పోశారో చెప్పే ఫారం మాత్రం ఏ ఆర్టీవో ఆఫీసులోనూ లేదు. పాత బండిలో నిజానికి కొనవలసింది ఆ చరిత్రనే.

మొదట టర్బోకు జబ్బు చేసింది. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే ఇరుసు అది. ఒక కొసన మండిన పొగ వేడి, రెండో కొసన బయటి గాలి, మధ్యలో దాన్ని నిలబెట్టేది పలచటి ఆయిల్ పొర. అది ఈల వేయడం మొదలుపెడితే “పికప్ ఉన్న బళ్లు అంతేనండీ” అన్నారు. తర్వాత వెనక నీలంపొగ. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గినప్పుడల్లా దగ్గర్లో దొరికిన ఆయిల్ పోశారు. పుస్తకంలో రాసింది ఒక రకం, పోసింది ఇంకో రకం. చివరికి కొత్త టర్బో వేయించారు. పాతది ఎందుకు పోయిందని ఎవరూ అడగలేదు. టర్బో తనంతట తాను చెడడం తక్కువ, ఆయిల్ అందకనో మురికి ఆయిల్ అందో పోవడమే ఎక్కువ. కొత్త టర్బోకూ ఆ పాత మురికే దక్కింది.

2023 వేసవిలో తిరుమల ప్రయాణం. ఏడు సీట్లలో ఎనిమిది మంది, పైన సామాను. ఒంగోలు దాటాక డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి నూనెడబ్బా బొమ్మ వెలిగి ఆరింది. మళ్లీ వెలిగింది.

“ఏంట్రా అది?” అన్నాడాయన, పక్కనుంచి.

“ఏం లేదు నాన్నా, ఆయిల్ కొంచెం తగ్గినట్టుంది. నెల్లూరులో పోయిద్దాం,” అన్నాడు స్టీరింగు పట్టుకున్న కొడుకు.

ఆ దీపం చెప్పేది ఆయిల్ తగ్గిందని కాదు, ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని. మామూలుగా ఒత్తిడి అర బార్‌కు అటూ ఇటూ పడిపోతే గానీ అది వెలగదు. హైవే మీద పరిగెత్తే ఇంజన్‌కు అంతకు ఎన్నో రెట్లు కావాలి. క్రాంక్‌షాఫ్ట్‌కూ దాన్ని పట్టి ఉంచే బేరింగులకూ మధ్య ఖాళీ తలవెంట్రుక మందం కూడా ఉండదు. ఆ ఖాళీలో ఆయిల్ ఒత్తిడితో నిలిచినంతసేపూ లోహం లోహాన్ని తాకదు. ఒత్తిడి పోయిందా, రెండూ రాసుకుని అక్కడికక్కడే కాగిపోతాయి. దీపం వెలిగిన చోటే పక్కకు తీసి ఆపేస్తే క్రాంక్ అయినా దక్కేదేమో.

ఉలవపాడు దగ్గరికొచ్చేసరికి కింద ఇనుప దెబ్బలు మొదలయ్యాయి. యాక్సిలరేటర్ నొక్కినకొద్దీ జోరెక్కాయి. ఇంజన్ ఆగిపోవడంతో స్టీరింగు బరువెక్కింది, బ్రేకు బండబారింది. రోడ్డు పక్క మామిడిపళ్ల దుకాణం ముందు ఎలాగో నిలబెట్టారు. తాళం తిప్పితే స్టార్టరు టక్కుమనడమే గానీ ఇంజన్ కదల్లేదు. పట్టేసింది.

ఆటోనగర్ మేస్త్రి సంప్ విప్పి ఆయన్ని దగ్గరికి పిలిచాడు. అడుగున ఆయిల్ బదులు వేలితో గీస్తే గీత నిలిచేంత నల్లటి మడ్డి. పంపుకు ఆయిల్ అందించే జాలీ ముప్పాతిక వంతు మూసుకుపోయింది. మడ్డిలో రాగిరంగు పొడి మెరుస్తోంది, అది అరిగిపోయిన బేరింగుల పొర. మూడో సిలిండరు బేరింగు తన చోటు వదిలి క్రాంక్‌తో పాటు తిరిగి, కనెక్టింగ్ రాడ్‌ను నల్లగా మాడ్చేసింది.

“ఇది ఇవాళ్టిది కాదు సార్. ఏళ్ల నాటి మడ్డి. మీరు కొత్త ఆయిలే పోయించారు, కానీ దీని మీద పోయించారు.”

“మీటరు డెబ్బై ఎనిమిది వేలేగా చూపించింది మేస్త్రీ?”

“మీటరుదేముంది సార్, ఎంత చెప్పమంటే అంత చెబుతుంది.”

ఆయన కోపం ముందు కంపెనీ మీదికి మళ్లింది. ఆ కోపం అన్నిచోట్లా తప్పు కాదు, పుట్టుకతోనే లోపం ఉన్న ఇంజన్లూ ఉన్నాయి. అమెరికాలో హ్యుండాయ్, కియాల థీటా-2 పెట్రోలు ఇంజన్ల కథ అందులో పెద్దది. క్రాంక్‌షాఫ్ట్ తయారీలో మిగిలిపోయిన లోహపు రజను ఆయిల్ దారులకు అడ్డం పడి బేరింగులు పట్టేశాయి. 2015లో దాదాపు 4.7 లక్షల సొనాటాలను వెనక్కి పిలిచారు. 2017లో శాంటా ఫే స్పోర్ట్, సొరెంటో, స్పోర్టేజ్ ఎస్‌యూవీలతో కలిపి మరో 12 లక్షల దాకా పిలిచారు. రీకాల్ ఆలస్యంగా, అరకొరగా చేశారన్న వ్యవహారంలో 2020 నవంబరులో రెండు కంపెనీలూ అమెరికా రహదారి భద్రతా సంస్థతో 21 కోట్ల డాలర్ల ఒప్పందానికి వచ్చాయి. లోగుట్టు బయటపెట్టిన హ్యుండాయ్ ఇంజనీరు కిమ్ గ్వాంగ్-హో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 2021లో అదే భద్రతా సంస్థ ఆయనకు 2.4 కోట్ల డాలర్లకు పైగా బహుమానం ఇచ్చింది.

ఇంకా దగ్గరి చుట్టమూ ఉంది. చెన్నై శివారు మరైమలై నగర్‌లో తయారై ఓడెక్కి అమెరికా వెళ్లిన ఫోర్డ్ ఎకోస్పోర్ట్. దాని 1.0 లీటరు ఇంజన్‌లో ఆయిల్ పంపును తిప్పే బెల్టు, దాన్ని బిగించే టెన్షనరు దెబ్బతిని ఆయిల్ ఒత్తిడి పోతోందని 2023 చివర్లో, ఫోకస్ కార్లతో కలిపి దాదాపు 1.4 లక్షల బళ్లను వెనక్కి పిలిచారు. జనరల్ మోటార్స్ 6.2 లీటర్ల వీ8 పెద్ద ఎస్‌యూవీలకు, ట్రక్కులకు 2025 ఏప్రిల్‌లో అదే గతి పట్టింది, దాదాపు ఆరు లక్షలు. పరీక్షలో బాగున్నాయని తేలినవాటికి పలచటి ఆయిల్ మానిపించి చిక్కటి రకం పోశారు. ఢిల్లీ వ్యాపారి చేసిన పనే ఇదీననిపిస్తుంది. కాకపోతే వాళ్లు చెప్పి చేశారు.

మన దేశంలోనూ 2019 మోటారు వాహనాల సవరణ చట్టంతో లోపమున్న బళ్లను వెనక్కి పిలిపించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది, నిబంధనలు 2021 ఏప్రిల్ నుంచి అమలయ్యాయి. ఏడేళ్ల లోపు బళ్లకే అది వర్తిస్తుంది. ఈ బండి వయసు అప్పటికే ఎనిమిది. అయినా మేస్త్రి చేతికంటిన మడ్డిని చూపించి కంపెనీని ఏమని అడుగుతారు? హైదరాబాద్ బ్రోకరుకు ఫోను చేస్తే, “ఇంజన్‌కు గ్యారంటీ ఇచ్చానా అండీ?” అన్నాడు. ఇవ్వలేదు.

దారులు మూడు. యాక్సిడెంటు బండిలోంచి తీసిన సెకండ్‌హ్యాండ్ ఇంజన్ చవక, కానీ దాని చరిత్ర ఎవరు చెబుతారు? పైగా ఇంజన్ నంబరు మారితే ఆర్సీలో ఎక్కించాలి. హాఫ్ ఇంజన్ కొత్తది తెప్పిస్తే బండి ధరలో సగం. ఉన్నదాన్నే బాగుచేయించడానికి ఆయన ఒప్పుకున్నాడు. క్రాంక్‌ను విజయవాడ ఆటోనగర్ లేత్ షాపులో 0.25 మిల్లీమీటర్లు గ్రైండింగ్ చేయించి, దానికి తగ్గ అండర్‌సైజు బేరింగులు తెప్పించారు. కొత్త రాడ్, రింగులు, ఆయిల్ పంపు. ఆయిల్ కూలరు కడిగి వాడదామని ఆయన, వద్దని మేస్త్రి పట్టుబట్టారు. దాని సందుల్లో ఇరుక్కున్న లోహపు పొడి ఎంత కడిగినా పోదు, మళ్లీ బేరింగుల దగ్గరికే వస్తుంది. చివరికి అదీ కొత్తదే పడింది. ఖర్చు లక్షన్నర పైమాటే.

ఇప్పుడు ఆయిల్ మార్చిన ప్రతిసారీ తారీఖు, రకం, ఇంజన్‌లో పడిన సామాన్ల పేర్లు డైరీలో రాస్తున్నాడాయన. మీటరు అసలు అంకె కూడా వెతికించి అందులో ఎక్కించాడు. అమ్మేటప్పుడు ఆ డైరీ కూడా బండితో పాటే ఇస్తానంటున్నాడు.

“అది చూపిస్తే ఎవరు కొంటారండీ?” అంటోంది వాళ్లావిడ.