నాలుగు మెటీరియల్స్, ఒకటే స్ట్రెస్: బీటెక్ ప్రాజెక్టు గట్టెక్కే మార్గాలు

ఫైనల్ ఇయర్ మెకానికల్ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ముందుగా చెప్పాల్సింది టైటిల్ సంగతి. టైటిల్ కుదిరిందంటే సగం ప్రాజెక్టు అయిపోయినట్టే. కనెక్టింగ్ రాడ్, లీఫ్ స్ప్రింగ్, డిస్క్ బ్రేక్, క్రేన్ హుక్... వీటిలో ఏదో ఒకటి తీసుకోండి. ముందు ‘డిజైన్ అండ్ ఎనాలిసిస్ ఆఫ్’, వెనక ‘యూజింగ్ డిఫరెంట్ మెటీరియల్స్’ తగిలించండి. మన కాలేజీల డిపార్ట్‌మెంట్ బీరువాల్లో ఈ మాటలే నల్ల అట్టల మీద బంగారు అక్షరాలతో మెరుస్తుంటాయి. అంతమంది గట్టెక్కిన రేవులో మీరొక్కరే మునుగుతారా?

కనెక్టింగ్ రాడ్డే తీసుకుందాం. మెటీరియల్స్ నాలుగు ఉండాలి: స్టీలు, అల్యూమినియం, టైటానియం, నోరు తిరగని పేరున్న ఒక కాంపోజిట్. స్టీలుకి మీరేమీ కష్టపడక్కర్లేదు. యాన్సిస్ తెరవగానే ‘స్ట్రక్చరల్ స్టీల్’ వడ్డించి ఉంటుంది: యంగ్స్ మాడ్యులస్ 200 గిగాపాస్కల్స్, పాయిజన్స్ రేషియో 0.3, ఈల్డ్ 250 మెగాపాస్కల్స్. అసలు రాడ్డుని ఏ స్టీలుతో ఫోర్జింగ్ చేశారు, హీట్ ట్రీట్‌మెంట్ ఏం చేశారు లాంటి ఆరాలు మనకెందుకు? కాంపోజిట్‌కి కూడా ఒకటే మాడ్యులస్ ఇచ్చెయ్యండి. ఫైబర్ దారిన ఒకలా, దానికి అడ్డంగా ఇంకోలా ఉంటుంది కదా అని ఎవరైనా అడిగితే, ‘ఐసోట్రోపిక్ అని అజ్యూమ్ చేశాం సార్’ అనండి. ఆ మాటకి తిరుగులేదు.

ఇప్పుడు సాల్వ్ కొట్టండి. ఇక్కడ చిన్న చిక్కొస్తుంది. స్టీలుకీ, అల్యూమినియానికీ, టైటానియానికీ, మీ ‘ఐసోట్రోపిక్’ కాంపోజిట్‌కీ కూడా స్ట్రెస్ దాదాపు ఒకటే చూపిస్తుంది. కంగారు పడకండి, సాఫ్ట్‌వేర్ పాడవలేదు. 50 మిల్లీమీటర్ల పిస్టన్ మీద 5 మెగాపాస్కల్స్ ప్రెషర్ పడితే లోడు సుమారు 9,800 న్యూటన్లు. రాడ్డు నడుం దగ్గర క్రాస్ సెక్షన్ 100 చదరపు మిల్లీమీటర్లు అనుకుంటే స్ట్రెస్ 98 మెగాపాస్కల్స్. ఈ భాగాహారంలో మెటీరియల్ పేరు ఎక్కడుంది? మారేదల్లా రాడ్డు ఎంత కుదించుకుపోయిందన్నదే. 100 మిల్లీమీటర్ల పొడవుకి స్టీలు 0.05 మిల్లీమీటర్లు, టైటానియం 0.09, అల్యూమినియం 0.14. ఇక ఏది పనికొస్తుందో తేల్చాలంటే ఆ 98ని ఒక్కో మెటీరియల్ ఈల్డ్‌తో పోల్చాలి, కోట్లసార్లు లాగి నొక్కితే ఫెటీగ్‌కి ఎంతవరకు తట్టుకుంటుందో చూడాలి. ఇంత తలనొప్పి ఎందుకు? పైగా ఈ లెక్క కాగితం మీద ఐదు నిమిషాల్లో తెగిపోతుంది. ఐదు నిమిషాల్లో తెగిపోతే ఇక రికార్డు దేంతో నింపుతారు? అందుకే దాన్ని దగ్గరికి రానివ్వకండి.

దానికి బదులు పాయిజన్స్ రేషియో తేడా వల్ల చివర్లో కదిలే అంకెలు పట్టుకోండి. రాడ్డు మొత్తంలో అత్యధిక స్ట్రెస్ స్టీలుకి 131.42 మెగాపాస్కల్స్, అల్యూమినియానికి 130.97 వచ్చిందనుకుందాం. ‘అల్యూమినియంలో స్ట్రెస్ తక్కువ, కావున అదే శ్రేష్ఠం’ అని కన్‌క్లూజన్ రాసి బార్ చార్ట్ పెట్టండి. చార్టు నిలువు గీత సున్నా దగ్గర కాకుండా 130 దగ్గర మొదలవ్వాలి సుమా. అప్పుడు ఆవగింజంత తేడా కొండంత కనిపిస్తుంది.

మెష్ గురించి రెండు ముక్కలు. మూలల దగ్గర ఫిల్లెట్లు ఉంటే మెష్ సతాయిస్తుంది, తీసెయ్యండి. తీసేశాక లోపలి పదునైన మూలలో విచిత్రం చూస్తారు: మెష్ సన్నబడేకొద్దీ స్ట్రెస్ పెరుగుతూనే పోతుంది, ఎక్కడా ఆగదు. లీనియర్ ఎలాస్టిక్ లెక్కలో అక్కడ స్ట్రెస్‌కి అంతు ఉండదు మరి. తెలివైనవాడికి ఇది వరం. ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ ఎంత కావాలో ముందే అనుకుని, అది రాగానే మెష్ ఆపెయ్యండి. ఫిల్లెట్ ఉంచి, మెష్ రెండింతలు సన్నం చేసినా జవాబు కదలడం లేదని చూపించే మెష్ కన్వర్జెన్స్ స్టడీ పనిలేని వాళ్ల పని. అలాగే రంధ్రం ఉన్న వెడల్పాటి పలకని లాగితే రంధ్రం అంచున స్ట్రెస్ మూడింతలవుతుందని 1898లోనే కిర్ష్ అనే జర్మన్ ఇంజనీరు తేల్చాడు. ఆ పలకని ముందుగా సాఫ్ట్‌వేర్‌లో వేసి, 3 వస్తోందో లేదో సరిచూసుకునే చాదస్తులు ఇంకా ఉన్నారు. వాళ్లతో స్నేహం వద్దు.

యూనిట్లు సాఫ్ట్‌వేరే చూసుకుంటుందని నమ్మండి. అబాకస్ లాంటివి యూనిట్లు అడగవు, మీరిచ్చిన అంకె మింగేస్తాయి. మిల్లీమీటర్లు, న్యూటన్ల లెక్కలో స్టీలు డెన్సిటీ 7.85ని 10 టు ది పవర్ మైనస్ 9తో గుణించి ఇవ్వాలి. అలవాటు కొద్దీ 7850 కొట్టారనుకోండి, రాడ్డు బరువు లక్ష కోట్ల రెట్లు పెరుగుతుంది, నేచురల్ ఫ్రీక్వెన్సీ పది లక్షల రెట్లు పడిపోతుంది. పడనివ్వండి. టేబుల్‌లో అంకె పక్కన హెర్ట్జ్ అని ఉంటే చాలు.

కింద ఎస్‌ఓఎం ల్యాబ్‌లో యూటీఎం ఉంది కదా, మైల్డ్ స్టీల్ ముక్క ఒకటి లాగి తెంపి చూద్దాం అని బ్యాచ్‌లో ఎవడో ఒకడు అంటాడు. వాణ్ణి ప్రింటౌట్ల పనికి పంపండి. స్ట్రెస్-స్ట్రెయిన్ గ్రాఫు గూగుల్‌లో దొరుకుతుంది. దాన్ని ఉన్నదున్నట్టు ప్లాస్టిసిటీ టేబుల్‌లో ఎక్కించండి. నిజానికి అక్కడ ఇవ్వాల్సింది ట్రూ స్ట్రెస్, ట్రూ స్ట్రెయిన్. 20 శాతం సాగిన చోట గ్రాఫులో 400 ఉంటే అది 480 కావాలి, స్ట్రెయిన్ 0.2 బదులు 0.182 కావాలి, అందులోంచి ఎలాస్టిక్ వాటా తీసెయ్యాలి. అన్నీ కావాలంటే సెమిస్టర్ సరిపోదు.

రివ్యూలో ‘రెడ్ అంటే డేంజర్, బ్లూ అంటే సేఫ్ సార్’ అని గట్టిగా చెప్పండి. మొత్తం రాడ్డులో అత్యధిక స్ట్రెస్ 2 మెగాపాస్కల్స్ అయినా సాఫ్ట్‌వేర్ దానికి ఎరుపే పూస్తుందన్న సంగతి మీరు ఎత్తకండి. బొమ్మలో రాడ్డు అరటిపండులా వంగినట్టుంటే అదీ మంచిదే. డిఫర్మేషన్‌ని వందల రెట్లు పెంచి చూపిస్తున్న ఆటో స్కేల్ మాట దాచండి.

ఎక్స్‌టర్నల్ పెద్దాయనైతే నార్వే కథ తీస్తాడు. 1991 ఆగస్టు 23న స్లైప్నర్ ఏ అనే చమురు వేదిక కాంక్రీటు పునాది, స్టావాంగర్ దగ్గర బ్యాలస్ట్ పరీక్షలో ఉండగా గోడ చిట్లి సముద్రంలో మునిగిపోయింది. ఫైనైట్ ఎలిమెంట్ లెక్కలో ఆ గోడల షియర్ స్ట్రెస్‌ని 47 శాతం తక్కువ కట్టారు. ప్రమాదం తర్వాత జాగ్రత్తగా మళ్లీ లెక్క వేస్తే 62 మీటర్ల లోతులో పగలాలని వచ్చింది, నిజంగా పగిలింది 65 దగ్గర. మీరు తల ఊపి ‘మాది కాంక్రీటు కాదు సార్’ అనండి.

ఆయన అక్కడితో ఆగక, తెల్ల కాగితం ముందుకు తోసి, ‘పిస్టన్ మీద లోడు ఎంతమ్మా, నడుం దగ్గర ఏరియా ఎంత?’ అని అడిగితే మాత్రం నా దగ్గర చిట్కా లేదు. అలాంటి వాళ్లు అరుదుగా వస్తారు. మీ బ్యాచ్‌కే వచ్చారంటే, ఈ సలహాలు ఎవరిచ్చారో దయచేసి చెప్పకండి.